నల్గొండ గోడ చిత్రకారుడి పనితనం: బడి గోడ మీద నిలువెత్తు ట్రైసెరాటాప్స్

నల్గొండ గడియారం చౌరస్తాకు దగ్గరలో ఒక చిత్రకారుడు ఉన్నారు. ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవారు, ఫ్లెక్సీలు వచ్చి ఆ పని తగ్గిపోయాక పాఠశాలల గోడలకూ అంగన్‌వాడీ కేంద్రాలకూ బొమ్మలు వేస్తున్నారు. ఆయన చేత మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల పక్క గోడ మీద కొమ్ముల డైనోసార్ల చిత్రం వేయించాము. ఖర్చు పూర్వ విద్యార్థులు భరించారు. జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిగా ఆ పనిని మొదటి గీత నుంచి చివరి పూత వరకు చాలావరకు దగ్గరుండి చూశాను కనుక, ఇలాంటి చిత్రాలు వేయించుకోవాలనుకునే ఇతర పాఠశాలలకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: తల చిత్రణలో ఈయన పని అద్భుతంగా ఉంది, ముందరి పాదాల దగ్గర గాడి తప్పింది, గోడను సిద్ధం చేయడంలో మరికొంత శ్రద్ధ పెట్టి ఉండవలసింది.

కొమ్ముల డైనోసార్లలో ట్రైసెరాటాప్స్‌నే ఎంచుకోవడానికి ప్రధాన కారణం మా గోడ కొలత. పూర్తిగా ఎదిగిన ట్రైసెరాటాప్స్ 8 నుంచి 9 మీటర్ల పొడవు, నడుము దగ్గర సుమారు 3 మీటర్ల ఎత్తు ఉండేదని అంచనా. మా గోడ 32 అడుగుల పొడవు, 11 అడుగుల ఎత్తు ఉంటుంది కనుక ఆ జంతువును దాని అసలు పరిమాణంలోనే చూపించే అవకాశం దొరికింది. పాఠ్యపుస్తకంలో అరచేతంత కనిపించే బొమ్మ చూసి పిల్లలు ఊహించుకునే జంతువు వేరు, రెండున్నర మీటర్ల దాకా పెరిగే పుర్రె పక్కన తాము నిలబడి చూసినప్పుడు అర్థమయ్యే జంతువు వేరు. ఆరో తరగతి పిల్లవాడు ఆ తల పక్కన నిలబడితే ముక్కు కొస నుంచి మెడ వెనుక విచ్చుకున్న ఎముక పలక అంచు వరకు చేతులు చాచినా పూర్తిగా అందదు.

ఇంతకంటే తక్కువ ఖర్చులో ఫ్లెక్సీ వేయించుకోవచ్చని కొందరు సహోపాధ్యాయులు సూచించారు. ఆ సూచనను నేను ఒప్పుకోలేదు. ఫ్లెక్సీ దుకాణంలో ఎక్కడి నుంచో దింపుకున్న బొమ్మను చట్రానికి సరిపోయేలా సాగదీస్తారు, జంతువు నిష్పత్తి అక్కడే చెడిపోతుంది. పైగా ఆ బొమ్మలో ఉన్న పొరపాట్లన్నీ మారకుండా గోడకెక్కుతాయి. మా ఎండలకు ఫ్లెక్సీ రంగు ఎంతకాలం నిలుస్తుందో ఈ జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఈయన మీద నాకు గౌరవం కలిగించిన విషయం పని మొదలుపెట్టిన తీరు. నేను కొన్ని రంగుల బొమ్మలు చూపించబోతే ఆయన వాటిని పక్కన పెట్టి, "సార్, ముందుగాల బొక్కలు చూపెట్టుండ్రి, తోలు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. పుర్రెను ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి చూపే ఫోటోలు అడిగి తీసుకుని, గోడ మీద గళ్లు కొట్టి, మొదట బొగ్గుతో అస్థిపంజరాన్ని గీసి, దాని మీద కండను, కండ మీద చర్మాన్ని కట్టుకుంటూ వచ్చారు. అంతరించిపోయిన జంతువులను చిత్రించేవాళ్లలో పేరుపొందినవారు పాటించే క్రమం కూడా ఇదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో డైనోసార్ల రూపాన్ని లోకానికి పరిచయం చేసిన అమెరికన్ చిత్రకారుడు చార్లెస్ నైట్ జంతుప్రదర్శనశాలల్లో జంతువులను, వాటి శరీర నిర్మాణాన్ని అధ్యయనం చేసి, ముందు చిన్న నమూనాలు మలచి వాటి మీద వెలుగునీడలు గమనించి తర్వాత కుంచె పట్టేవాడు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో మాంసాహార డైనోసార్ టిరనోసారస్, ట్రైసెరాటాప్స్ ఎదురెదురుగా నిలిచిన ఆయన కుడ్యచిత్రం తర్వాతి తరాల పుస్తకాలకూ బొమ్మలకూ మూసగా మారింది. చిన్నప్పటి నుంచి కంటిచూపు సరిగా లేని మనిషి అంతటి పని చేశాడని చెప్పినప్పుడు మా చిత్రకారుడు కాసేపు ఆ చిత్రం వైపే చూస్తూ ఉండిపోయారు.

ఎముకలు అడగడం ఎందుకు ముఖ్యమో ఈ జంతువు చరిత్రలోనే కనిపిస్తుంది. 1887లో అమెరికాలోని డెన్వర్ దగ్గర దొరికిన జత కొమ్ముల ఎముకలను చూసి ఓత్నియల్ చార్లెస్ మార్ష్ అంతటి శాస్త్రవేత్తే అవి ఒక పెద్ద అడవిదున్నవని భావించి, దానికి బైసన్ జాతి పేరు పెట్టాడు. తర్వాత వయోమింగ్ ప్రాంతం నుంచి జాన్ బెల్ హాచర్ సేకరించిన మరింత పూర్తి పుర్రె వచ్చాకే, 1889లో, ట్రైసెరాటాప్స్ అనే పేరు పుట్టింది. 1905లో వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంలో మొదటిసారి ఈ జంతువు అస్థిపంజరాన్ని నిలబెట్టినప్పుడు అనేక జంతువుల ఎముకలను కలిపి కూర్చారు. వెనుక పాదాల ఎముకలు అప్పటికి సరిగా దొరకనందున బాతుముక్కు డైనోసార్ పాదాలను అమర్చారు. దాదాపు శతాబ్దం పాటు చూడవచ్చినవాళ్లంతా ఆ పాదాలనే చూశారు, చిత్రకారులు కూడా చూశారు. ఒక బొమ్మను చూసి ఇంకో బొమ్మ గీయడంలోని ప్రమాదం ఇదే కనుక, ఎముక దగ్గరికి వెళ్లాలన్న ఈయన పట్టుదలను నేను ఈ సేవలో అన్నిటికంటే విలువైనదిగా లెక్కిస్తాను.

కొమ్ముల విషయానికి వస్తే, ఇక్కడ ఆయన చూపిన శ్రద్ధ నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. శిలాజంగా దొరికేది కొమ్ము లోపలి ఎముక మాత్రమే. బతికి ఉన్నప్పుడు దాని మీద మన గోళ్లలో ఉండే కెరాటిన్ అనే పదార్థంతో ఏర్పడిన తొడుగు ఉండేది, ఆ తొడుగు కుళ్లిపోయి సాధారణంగా నిలవదు. ఎముక పైన కనిపించే రక్తనాళాల గాడులు ఆ తొడుగు ఉండేదనడానికి ఆధారం. కంటి పైనున్న కొమ్ముల ఎముకే పెద్ద జంతువుల్లో సుమారు మీటరు దాకా ఉంటుంది కనుక తొడుగుతో కలిపితే అసలు కొమ్ము ఇంకా పొడవుగా, ఇంకా వాడిగా ఉండి ఉండాలి. చాలా చిత్రాల్లో, బొమ్మల్లో పుర్రె మీద ఎంత ఉందో అంతే కొలిచి మొద్దుగా వదిలేస్తారు. మా చిత్రకారుడికి ఈ సంగతి వివరించడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు. చచ్చిన బర్రె కొమ్ము ఊడదీస్తే లోపల పొట్టి ఎముక, పైన పొడుగాటి బోలు తొడుగు ఉంటుందని ఊళ్లో పెరిగిన ఆయనకు ముందే తెలుసు. ఆ తెలివిడితోనే కొమ్ము మొదలులో గరుకు చారలు, కొసకు పోయే కొద్దీ నున్నటి మెరుపు తెచ్చారు. ఎక్కడ అరుగుతుందో, ఎక్కడ పగుళ్లు వస్తాయో చూసినవాడి చేతి పని అది.

పెద్ద జంతువు పక్కన ఒక పిల్లను కూడా వేయమని కోరాము. మామూలుగా పిల్ల అంటే పెద్దదాన్నే చిన్నగా గీసి పెడతారు. ట్రైసెరాటాప్స్ పెరుగుదలను పుర్రెల వరుసలో పరిశీలించిన జాక్ హార్నర్, మార్క్ గుడ్విన్ 2006లో ప్రకటించిన దాని ప్రకారం, చాలా చిన్న పిల్లల్లో కంటిపై కొమ్ములు మొలకల్లా ఉండి, కొంచెం ఎదిగాక వెనక్కి వంగి, యుక్తవయసు దాటే కొద్దీ ముందుకు తిరుగుతాయి. పలక అంచున ఉండే త్రికోణపు ఎముక ముక్కలు కూడా పిల్లల్లో మొనదేలి, పెద్దవాటిలో చదునై పలకలో కలిసిపోతాయి. ఈ వివరం చెప్పినప్పుడు ఆయన అప్పటికే గీసిన పిల్ల తలను చెరిపి, కొమ్ములను వెనక్కి వంచి మళ్లీ గీశారు. అదనపు డబ్బు అడగలేదు. ఇప్పుడు గోడ ముందు నిలబడిన పిల్లలు మొదట అడిగే ప్రశ్న కూడా దాని గురించే, రెండింటి కొమ్ములు ఎదురు దిక్కులకు ఎందుకు తిరిగాయని. తొమ్మిదో తరగతిలో పెరుగుదల పాఠం చెప్పడానికి ఆ ప్రశ్న నాకు మంచి ఆసరా అయింది.

మెడను కప్పుతూ వెనక్కి విచ్చుకున్న ఎముక పలకను చిత్రించడంలో చాలామంది దారి తప్పుతారు. స్టైరకోసారస్, సెంట్రోసారస్, కాస్మోసారస్ వంటి చాలా రకాల కొమ్ముల డైనోసార్ల పలకలో రెండు పెద్ద రంధ్రాలుంటాయి, ట్రైసెరాటాప్స్ పలక మాత్రం నిండుగా, గట్టిగా ఉంటుంది. రంధ్రాలున్న జాతుల్లో కూడా అవి చర్మంతో కప్పబడి ఉండేవి. అయినా మార్కెట్లో దొరికే కొన్ని ప్లాస్టిక్ బొమ్మల్లో ఆ రంధ్రాల గుండా వెనుక ఆకాశం కనిపించేలా వదిలేస్తారు. మరో పొరపాటు పలకను మందమైన కండతో పూడ్చి మూపురంలా చేయడం. దవడ కండరాలు పలక అంతటా పరుచుకుని ఉండేవన్న పాత ఊహ దీనికి మూలం. మా గోడ మీది పలక పలుచగా, అంచు స్పష్టంగా, ఎముక మీద బిగుతుగా చర్మం పరుచుకున్నట్టు ఉంది. నేను కోరకపోయినా ఆయన దాని మీద మానిన గాయపు మచ్చ ఒకటి వేశారు, అది నాకు ఎంతో నచ్చింది. ఆండ్రూ ఫార్కే, ఆయన సహచరులు 2009లో ట్రైసెరాటాప్స్, సెంట్రోసారస్ పుర్రెలను పోల్చి చూసినప్పుడు ట్రైసెరాటాప్స్ పలక ఎముకల మీద గాయాల ఆనవాళ్లు ఎక్కువగా కనిపించాయి. ఒకే జాతి జంతువులు కొమ్ములు పెనవేసుకుని పోరాడేవన్న భావనకు ఆ తేడా బలమిచ్చింది. కొమ్ములు టిరనోసారస్ మీదికి దూకడానికే ఉన్నాయన్నట్టుగా పుట్టిన ఎన్నో చిత్రాల మధ్య, తన తోటి జంతువుతో తలపడి బతికి బయటపడిన ఈ మచ్చ ఉన్న పలక జంతువు జీవితాన్ని ఎక్కువ నిజాయితీగా చూపుతుంది.

ముందరి కాళ్ల సంగతి చెప్పేటప్పుడు నాకు సంతోషం లేదు. ఈ డైనోసార్ల ముందరి కాళ్లు ఎలా నిలిచేవన్న ప్రశ్న మీద నూరేళ్లకు పైగా వాదం నడిచింది. కొందరు బల్లిలా మోచేతులు బయటికి పరిచి గీశారు, మరికొందరు ఖడ్గమృగంలా నిటారుగా స్తంభాల్లా నిలబెట్టారు. జపాన్ శాస్త్రవేత్త షిన్-ఇచి ఫుజివారా 2009లో ముందరి పాదాల ఎముకల కూర్పును పరిశీలించి, పాదం కొంచెం బయటి వైపు తిరిగి ఉండేదని, బరువును ప్రధానంగా లోపలి మూడు వేళ్లు మోసేవని చూపాడు. ఆ మూడు వేళ్లకే గిట్టలుండేవి. మిగిలిన రెండు చిన్నవి, గిట్టలు లేనివి. ఈ విషయాన్ని నేను కాగితం మీద రాసి ఇచ్చాను. అయినప్పటికీ మా గోడ మీది జంతువు ముందరి పాదం ఏనుగు పాదంలా గుండ్రంగా ఉండి, ఐదు వేళ్లకూ సమానమైన గిట్టలు వచ్చాయి. మోచేయి ఎత్తు, కాస్త వంపు మాత్రం సరిగానే ఉన్నాయి. మొత్తం బొమ్మ పూర్తయి పైపూత కూడా పడిన తర్వాత గమనించి చెబితే, చెరిపితే చుట్టూ ఉన్న నేల రంగు కూడా మళ్లీ వేయాల్సి వస్తుందని ఆయన అన్నారు. సగం ఖర్చు మేము పెట్టుకుంటామన్న షరతు మీద సరిదిద్దడానికి ఒప్పుకున్నారు. పాదాలు పూర్తయ్యే రోజున ఎవరో ఒకరు దగ్గర ఉండటం మంచిదని ఇతర పాఠశాలలకు నా సూచన. ముఖం మీద చూపే శ్రద్ధ పాదాల దగ్గరికి వచ్చేసరికి తగ్గడం చిత్రకారుల్లో తరచుగా కనిపించే అలవాటు.

రంగుల విషయంలో ఆయనకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చాము. ట్రైసెరాటాప్స్ రంగు చెప్పగల శిలాజ ఆధారం లేదు. చర్మం మీద పెద్ద పెద్ద పొలుసులు ఉండేవని మాత్రం చర్మపు ముద్రల వల్ల తెలుస్తుంది. రంగుకు ఆధారం దొరికింది ఈ కుటుంబపు పూర్వ బంధువు, కొమ్ములు లేని సిట్టకోసారస్‌కు. చైనాలో దొరికి ఇప్పుడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మ్యూజియంలో ఉన్న ఒక నమూనాలో చర్మంతో పాటు రంగు పదార్థపు జాడలు కూడా నిలిచాయి. జేకబ్ వింథర్ బృందం 2016లో వాటిని పరిశీలించి, వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉండేదని తేల్చింది. చిత్రకారుడు రాబర్ట్ నికోల్స్ అదే ఆధారంగా నిలువెత్తు నమూనా చేసి, చెట్ల నీడలో ఆ రంగు జంతువును ఎలా దాచేదో చూపించాడు. ఆ జంతువు తోక మీద కుచ్చుగా నిలబడిన పొడవాటి, ఈకపుల్లల్లాంటి తంతువులు కూడా అదే శిలాజంలో ఉన్నాయి. వాటిని చూసి కొందరు చిత్రకారులు ట్రైసెరాటాప్స్ తోకకూ తంతువులు పెడుతున్నారు, దానికి నేరుగా ఆధారం లేదు కనుక మేము వద్దనుకున్నాము. మా చిత్రకారుడు ఒళ్లంతా మట్టిగోధుమ రంగు, పొట్టకు లేత ఛాయ వేసి, పలక మీద మాత్రం ఎరుపు, కాటుక నలుపు చారలు తీర్చారు. తోటి జంతువులకు కనిపించడానికే ఉపయోగపడి ఉండే పలకకు హెచ్చు రంగులు వేయడం ఊహే అయినా అది ఆలోచనతో కూడిన ఊహ. కన్ను మాత్రం కొంచెం చిన్నదిగా వేసి ఉంటే బాగుండేది.

నేల మీద మొదట ఆయన పచ్చిగడ్డి పరిచారు. గోడ మీద పచ్చదనం ఉంటే పిల్లల కంటికి బాగుంటుందని ఆయన ఉద్దేశం. ట్రైసెరాటాప్స్ జీవించిన 6.8 నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి పశ్చిమ అమెరికాలో మనకు తెలిసిన గడ్డిమైదానాలు లేవు. ఫెర్న్‌లు, పూలు పూసే పొదలు, తాటి జాతి చెట్లు, శంఖాకార వృక్షాలు ఉండేవి. విశేషం ఏమిటంటే, సుమారు అదే కాలంలో మన దేశంలో గడ్డి ఉండేది. మహారాష్ట్రలోని పిస్దూరా దగ్గర దొరికిన శిలాజ పేడలో గడ్డి కణాల అవశేషాలు ఉన్నాయని 2005లో భారతీయ శాస్త్రవేత్తలతో కూడిన బృందం ప్రకటించింది. ఈ సంగతి విని ఆయన ఎంతో ఆసక్తిగా గడ్డిని ఫెర్న్‌లుగా మార్చారు. ముక్కు కొసన ఉండే చిలుక ముక్కులాంటి కొక్కెంతో ఆ జంతువు ఆకులను తుంచి, వందల పళ్లు వరుసలు కట్టిన దవడలతో కత్తిరించి తినేది కనుక, దాని నోటి దగ్గర విరిగిన ఫెర్న్ కొమ్మ ఒకటి పెట్టారు. అది చక్కగా కుదిరింది.

గోడ కుడి కొసన స్టైరకోసారస్, పాకిరైనోసారస్ తలలు రెండు వేయించాము. కెనడాలోని ఆల్బర్టాలో దొరికిన స్టైరకోసారస్‌కు 1913లో లారెన్స్ ల్యాంబ్ పేరు పెట్టాడు. పలక అంచున బాకుల్లా పొడుచుకొచ్చిన ముళ్లు దాని ప్రత్యేకత. పాకిరైనోసారస్‌కు ముక్కు మీద కొమ్ము బదులు గరుకైన దిమ్మ ఉంటుంది. స్టైరకోసారస్ సుమారు 7.5 కోట్ల ఏళ్ల కిందటిది కనుక ట్రైసెరాటాప్స్‌తో ఒకే దృశ్యంలో నిలబెట్టవద్దని చెబితే, ఆయన వాటికి వేరే చట్రం గీసి విడిగా ఉంచారు. మన తెలంగాణ డైనోసార్ కోటసారస్‌ను కూడా ఈ దృశ్యంలోనే చేర్చమని ఒక దాత కోరారు. పూర్వ ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికి, 1988లో యాదగిరి గారి చేత పేరు పొంది, ప్రస్తుతం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో అస్థిపంజరంగా నిలిచిన ఆ జంతువు జురాసిక్ కాలపు తొలి భాగానిది. ట్రైసెరాటాప్స్‌కూ దానికీ మధ్య పది కోట్ల ఏళ్లకు పైగా దూరం ఉంది. పైగా కొమ్ముల డైనోసార్లు తెలంగాణ నేల మీద నడిచాయన్న అపోహ పిల్లల్లో కలగడం నాకు ఇష్టం లేదు. మా నల్గొండ గుట్టల రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది, అందులో ఏ డైనోసార్ ఎముకా ఉండదు. ట్రైసెరాటాప్స్ కాలానికి దగ్గరి జీవి మన పక్కన ఎక్కడైనా దొరికిందా అంటే వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో దొరికిన ఎలుకంత క్షీరదం, దక్కనోలెస్టిస్, పేరు చెప్పాలి. దానిని చట్రం కింద చిన్నగా, అసలు పరిమాణానికి దగ్గరగా, వేయించాము. పెద్ద జంతువు కాలి పక్కన కాకుండా విడిగా ఉంది కనుక గందరగోళం లేదు.

చదరపు అడుగుకు 100 రూపాయల చొప్పున, రంగులతో సహా, 35,200 రూపాయలు తీసుకున్నారు. మూడో వంతు ముందుగా, మిగిలినది పని ముగిశాక ఇచ్చాము. బయటి గోడలకు వేసే ఎమల్షన్ రంగులే వాడారు, డబ్బాలు మా ముందే తెరిచారు. అయితే గోడ కింది రెండు అడుగుల మేర చెమ్మ ఉందని చెప్పినా పాత సున్నం పూర్తిగా గీకించకుండానే ప్రైమర్ కొట్టించారు. తొలి వానలకే అక్కడ రంగు ఉబ్బి పెచ్చులు లేచింది. ఫెర్న్‌లు ఉన్న చోటు కాబట్టి జంతువుకు నష్టం జరగలేదు. ఉప్పు పట్టే గోడలున్న ఊళ్లలో కింది భాగానికి ముందు మేస్త్రీ చేత ప్లాస్టరింగ్ చేయించి, అది బాగా ఆరాక ఈయనను పిలవడం మేలు.

కోటసారస్‌ను ఎదురు గోడ మీద విడిగా వేయించాలని నిర్ణయించాము. ఆయన బిర్లా మ్యూజియానికి వెళ్లి అస్థిపంజరాన్ని స్వయంగా చూసి వస్తానన్నారు, ఈసారి పాదాల ఎముకల ఫోటోలు విడిగా కావాలని ఆయనే అడిగారు. వానలు మొదలయ్యాక బయటి గోడల పని ఆయన ఒప్పుకోరు కనుక, వేసవి సెలవుల్లో వేయించుకోవాలనుకునే పాఠశాలలు మార్చిలోనే గోడ కొలతలూ ఎముకల ఫోటోలూ తీసుకెళ్లి మాట్లాడుకోవడం మంచిది.